అతుకు వీడిన కార్డు

పోయిన వారం మనం వాసవాంబను వెంకటనారాయణ దుకాణం గడప మీద వదిలేసి వచ్చాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. ఒక చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు, రెండో చెయ్యి కొంగు చాటున. ఆ కొంగు చాటున ఏముండి ఉంటుందో దుకాణంలో ఒకే ఒక్క మనిషి ఊహించగలదు. ఆ మనిషి కౌంటర్ వెనక నిలబడి, శాంపిల్ కార్డుల ఆల్బమ్‌ను తలకిందులుగా పట్టుకుని పేజీలు తిప్పుతోంది. పేరు స్రవ్య. శాలిబండలో శుభలేఖల వెంకటనారాయణ అంటే తెలియనివాళ్ళు లేరు. ఆయన ఒక్కగానొక్క కూతురు.

ఈ వారమే మన కథలో కాలు పెట్టినవాళ్ళు కంగారు పడక్కర్లేదు. సంగతి ఇది. వాసవాంబ కూతురు కీర్తిప్రియకు మాఘమాసంలో పెళ్లి కుదిరింది. కార్డులు ఈ దుకాణంలోనే అచ్చయ్యాయి. సగం పంచాక మగపెళ్లివారు మాట వెనక్కి తీసుకున్నారు. ఎందుకో వాళ్ళకే తెలియాలి. మిగిలిన కార్డుల కట్టను వాసవాంబ తెచ్చి వెంకటనారాయణ చేతుల్లో పెట్టి, ఒక్కటి కూడా ఎవరి కంటా పడకూడదని ఏడ్చింది. ఆయన మాట ఇచ్చాడు. ఆగిపోయిన పెళ్లి కార్డుల విషయంలో ఆ దుకాణానికి తండ్రి నాటి పద్ధతి ఒకటుంది. వాటిని పాతకాగితాల కబాడీకి వెయ్యరు, కాల్చరు. పైన వినాయకుడుంటాడు, కింద ఇద్దరి పేర్లుంటాయి. అందుకని డాబా మీది తొట్టిలో మెత్తబడేదాకా నానబెట్టి, నలిపి, ఆ గుజ్జును మల్లెచెట్టు మొదట్లో వేస్తారు. ఆ పనిని ఆయన కూతురికి అప్పజెప్పాడు. చేసేశానని కూతురు చెప్పింది.

చెయ్యలేదు.

దానికి కారణం దురాశ కాదు, చదువు. స్రవ్య సర్కారు నౌకరీ పరీక్షకు కూర్చుంటోంది. ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు రాసుకుని ఒకరినొకరు అడిగి చూసుకునే ఫ్లాష్ కార్డులు ఆమెకు భలే నచ్చాయి. ఫోన్‌లో కూడా అలాంటివి ఉన్నాయి గానీ, ఫోన్ తెరిస్తే చదువు తప్ప అన్నీ జరుగుతాయి. మామూలు కాగితమైతే నలిగిపోతుంది, జవాబు అవతలి నుంచి మసకగా కనిపిస్తుంది. కీర్తి పెళ్లి కార్డు అట్ట అలా కాదు. మందంగా, మీగడ రంగులో, వెనకవైపంతా ఖాళీగా ఉంది. కట్ట పట్టుకుని డాబా మెట్లెక్కిన స్రవ్య సగంలోనే ఆగి, కిందికి దిగి, కటింగ్ మిషన్ మీద పనిచేసే మొగులయ్య దగ్గరికి పోయింది. "నాన్న కొయ్యమన్నడు కాకా" అంది. ఆయన కోశాడు. అచ్చు ఉన్న వైపులు లోపలికి వచ్చేలా రెండేసి ముక్కలను ఎదురెదురుగా పెట్టి, మైదాపిండి ఉడకబెట్టిన లైతో స్రవ్య అతికించింది. పెళ్లి లోపల, చదువు బయట. అబద్ధమాడితే అతికినట్టు ఉండాలని ఊరికే అన్నారా?

ప్రశ్నలూ జవాబులూ రాసింది మొగులయ్య కూతురు భాగ్యశ్రీ. ఆమెది ముత్యాల్లాంటి రాత. కార్డుల కడుపులో ఏముందో ఆమెకు తెలియదు. ఇంతవరకూ స్రవ్య చేసింది తప్పే అయినా ఎలాగోలా క్షమించవచ్చు. ఆ తర్వాతదే క్షమించడానికి కష్టం. పెళ్లి ఆగిన నాటి నుంచి గది దాటని కీర్తిప్రియను, చదువుకుందాం రమ్మని బతిమాలి ఈ జట్టులోకి తెచ్చింది కూడా స్రవ్యే. తెచ్చి, ఆమె పెళ్లిని ఆమె చేతికే ఇచ్చి, ప్రశ్నలు అడగమంది. అడుగుతూ అడుగుతూ కీర్తి మళ్ళీ నవ్వడం నేర్చుకుంది. ఆ నవ్వు చూసినప్పుడల్లా చెప్పేద్దామనుకోవడం, ఆ నవ్వు చూసే చెప్పలేకపోవడం స్రవ్యకు అలవాటైపోయింది.

ఇంతలో వానాకాలం వచ్చింది. మైదా లైకి వానాకాలం పడదు.

"రా అక్కా, కూసో. వానల వచ్చినవ్, కబురు పంపితే నేనే రాకపోదునా?" వెంకటనారాయణ కుర్చీ జరిపాడు. "స్రవ్యా, అత్తమ్మకు చాయ్ చెప్పు."

"చాయ్ వద్దు తమ్మీ. ఒక్క మాట అడిగి పోత." వాసవాంబ కూర్చోలేదు. "మా కీర్తి కార్డులు ఏం జేసినవ్?"

వెనక గదిలో కటింగ్ మిషన్ దబ్బుదబ్బున కోస్తోంది. శ్రావణ ముహూర్తాలు దగ్గరపడ్డాయి, దానికి ఊపిరాడటం లేదు. వెంకటనారాయణ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"గదేం మాట అక్కా? నీకు జబాన్ ఇచ్చిన గద. మా నాయిన ఎట్ల జేసెటోడో గట్లనే చేపిచ్చిన. నీళ్ళల్ల నానేసి మల్లెచెట్టుకు ఏసినం. నేనైతే చెయ్యి గూడ పెట్టలే. ఆడపిల్ల లగ్గం సంగతి, ఆడపిల్ల చేతులతోనే కావాలెనని నా బిడ్డకు చెప్పిన. అడుగు, గీడనే ఉన్నది."

అని కూతురి వైపు చూశాడు. గర్వంగానే చూశాడు. ఆ చూపు కంటే చెంపదెబ్బ నయమనిపించింది స్రవ్యకు.

"అవునా స్రవ్యా?" అంది వాసవాంబ.

స్రవ్య తల ఊపింది. నోటితో అనలేదు. నోటితో అబద్ధం ఆడలేదని రేపెప్పుడైనా తనకు తాను చెప్పుకోవడానికి ఉంటుంది కదా.

వాసవాంబ కొంగు చాటు నుంచి చెయ్యి తీసి, కౌంటర్ అద్దం మీద రెండు అట్టముక్కలు పెట్టింది. నిన్నటిదాకా అవి ఒకటే కార్డు. చెమ్మకు ఉబ్బి, అతుకు వీడి రెండయ్యాయి. ఒకదాని మీద బంగారు రంగు వినాయకుడి తొండం, సగం తెగిన ముహూర్తం. రెండోదాని మీద 'చి.ల.సౌ. కీర్తి' అని ఉంది. 'ప్రియ' దగ్గర కత్తి పడింది.

"పొద్దుగాల దాని పుస్తకాలకాడ ఊడుస్తుంటే కిందవడ్డది. ఏందోనని తీసి చూసిన తమ్మీ." ఆమె రెండు ముక్కలనూ దగ్గరికి జరిపింది. "ముందుగాల నాకు సమజే కాలే. మా బిడ్డ పేరు మా ఇంట్లకు గిట్ల ఎట్లొచ్చింది అనుకున్న. అది తానానికి పోయింది గాబట్టి సరిపోయింది. అది ఇంక చూడలే. చూస్తే వచ్చే ఆదివారం పరీక్షకు పోతదా? మళ్ళ తలుపేసుకుని పండుకుంటది. మాఘం నుంచి దాని మొకం నేను చూసిన, మీరెవ్వరు చూడలే. గిప్పుడిప్పుడే మనిషైతాంది."

వెంకటనారాయణ కళ్ళద్దాలు కిందికి దించుకుని ఒక ముక్కను వెలుతురుకు పట్టాడు. అచ్చు వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. ముక్కను తిప్పితే అవతల నీలిసిరాతో గుండ్రటి అక్షరాలు.

"'తన మీద తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టరాదు. ఏ అధికరణం?'" అని పైకి చదివాడు. "గిదేం లొల్లి? గీ రాత..."

ఆ రాత ఆయనకు బాగా తెలుసు. ముహూర్తాల రోజుల్లో కవర్ల మీద చుట్టాల పేర్లు రాయించేది భాగ్యశ్రీతోనే.

"మొగులయ్యా!"

మిషన్ ఆగింది. అది ఆగగానే బయట వాన చప్పుడు, షేర్ ఆటోల హారన్లు దుకాణంలోకి వచ్చిపడ్డాయి. మొగులయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. వయసులో వెంకటనారాయణ కంటే పెద్దవాడు. జుట్టంతా నెరిసింది, కనురెప్పల మీద కూడా కాగితపు దుమ్ము. అద్దం మీది ముక్కలు చూశాడు. ఆ తర్వాత ఒక్కసారి, ఒకే ఒక్కసారి స్రవ్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నువ్వు చెప్తావా బిడ్డా అని అడిగినట్టు ఉంది.

స్రవ్య ఆల్బమ్‌లోకి తల దించుకుంది.

"ఇది కోసింది నువ్వేనా?" అన్నాడు వెంకటనారాయణ.

"నేనే కోసిన సేట్."

"ఎవర్ని అడిగి కోసినవ్?"

మొగులయ్య తుడుచుకున్న చేతులనే మళ్ళీ తుడుచుకున్నాడు.

"నిన్నే అడిగేది మొగులయ్యా. నీ బిడ్డ సదువుకు అట్ట గావాలంటే నన్నడిగితే కొత్తది ఇయ్యకపోదునా? నా బిడ్డ నానేద్దామని డాబా మీద పెట్టుకున్న కట్టల నుంచి ఎత్తుకపోతవా? గంతకు దిగినవా?"

"నేను ఎత్తుకపోలే సేట్."

"మరి ఎవరు ఎత్తుకపోయిన్రు?"

మొగులయ్య గోడ మీది వినాయకుడి పటం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు జవాబు తెలుసు. నాలిక చివరే ఉంది. కానీ స్రవ్య చిన్నప్పుడు, మిగిలిపోయిన రంగు కాగితాలతో పతంగులు చేసిచ్చింది ఆయనే. కొత్త కార్డుల మీద ఆమె సిరా ఒలకబోసిన నాడు, నాన్నకు చెప్పొద్దు కాకా అంటే, నా చెయ్యి తగిలిందని తిట్లు తిన్నదీ ఆయనే. ఆ అలవాటు పిల్లది పోలేదు, పెద్దాయనదీ పోలేదు.

"నాది గల్తీ అయింది సేట్" అన్నాడు. "చూసి గూడ అడగకపోవుడు నాదే గల్తీ."

అందులో నిజం ఎంత ఉందో స్రవ్యకు మాత్రమే అర్థమైంది. కోసేటప్పుడు కీర్తి పేరు చూశాడు. సేట్ కొయ్యమన్నాడంటే నమ్మాడు. సేట్ కూతురు అబద్ధం ఆడుతుందని అనుకోలేదు. ఆయన చేసిన నేరం అంతే.

"ఈ అక్క ముందట నా ఇజ్జత్ తీసినవ్" అన్నాడు వెంకటనారాయణ. ఆయన అరవలేదు, అదే ఎక్కువ భయం వేసేలా ఉంది. "మా నాయిన పేరు తీసినవ్. మిషన్ తాళంచెవి ఈడ పెట్టి ఇంటికి పో."

మొగులయ్య నడుముకు కట్టుకున్న తాడు విప్పి, తాళంచెవి తీసి, అట్టముక్కల పక్కన అద్దం మీద పెట్టాడు. మేకుకు తగిలించిన చొక్కా తీసుకున్నాడు. ఒక చెయ్యి తొడుక్కున్నాక రెండో చేతికి చొక్కా అందక వెనక్కి వెతుక్కుంటున్నాడు. అది చూస్తూ కూడా స్రవ్య నోరు తెరవలేదు.

ఇక్కడ ఆమె తరఫున ఒక మాట చెప్పాలని ఉంది గానీ చెప్పడానికి ఏమీ దొరకడం లేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడి ఏం ఆలోచిస్తోందో తెలుసా? పరీక్ష అయ్యాక చెప్తే సరిపోతుందని. నాన్న కోపం రెండు రోజులేనని, ఆ తర్వాత తనే బతిమాలి కాకాను మళ్ళీ పిలిపించవచ్చని. ఎంత దయో చూడండి! ఆ ఆలోచన వచ్చిన మరుక్షణమే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంత నీచంగా ఆలోచిస్తున్నది నేనేనా అనుకుంది. సిగ్గుతో చచ్చిపోవడమంటే మాటవరసకు అంటారనుకునేది ఇన్నాళ్ళూ.

"ఏంది బాపూ, ఇయ్యాల గింత తొందరగ ఇడిసిండ్రా?"

భాగ్యశ్రీ వచ్చింది. పొద్దున్నుంచి మొఘల్‌పురాలో మందుల దుకాణంలో పనిచేసి, సాయంత్రం కార్డుల చదువుకు నేరుగా ఇక్కడికి వస్తుంది. చంకలో గొడుగు, చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో మిఠాయి డబ్బాలు. రాని కార్డులు ఒక డబ్బా, సగం వచ్చినవి ఒక డబ్బా, బాగా వచ్చేసినవి ఒక డబ్బా. ఎవరి తప్పులు వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి చదువుకుని తెచ్చి మళ్ళీ డబ్బాలో వెయ్యాలి. అదీ వాళ్ళ పద్ధతి.

భాగ్యశ్రీ తండ్రి చొక్కా చూసింది, తాళంచెవి చూసింది. అద్దం మీది ముక్క తీసుకుని తన రాత గుర్తుపట్టింది. తిప్పింది. అచ్చు వైపు ఒక్కో అక్షరం చదివింది.

"నడు బిడ్డ, ఇంటికి పోదాం" అన్నాడు మొగులయ్య.

"ఆగు బాపూ." సంచి కౌంటర్ మీద పెట్టింది. "కార్డులు నాకిచ్చినప్పుడే అతికిచ్చి ఉండె. లోపట గిది ఉందని నాకు తెల్వదు. గని ఇచ్చిందెవరో తెల్సు."

అని ఆ ముక్కను, రోజూ చదువులో పట్టుకున్నట్టే, ప్రశ్న కనబడేలా స్రవ్య మొహం ముందు పెట్టింది.

"మన రూలేందో చెప్పు స్రవ్యా."

"భాగ్యా..."

"నువ్వే పెట్టినవ్ గద. చెప్పు."

"తిప్పకముందే నోటితోని చెప్పాలె" అంది స్రవ్య. తన గొంతు తనకే వినబడలేదు.

"తల ఊపితే?"

"చెల్లది."

"దీని జవాబు నాకొచ్చు. ఇరవయ్యో అధికరణం, మూడో క్లాజు. నిన్ను ఎవ్వరు బలవంతపెట్టరు." భాగ్యశ్రీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ చెయ్యి కదల్లేదు. "గని నేను ఇంకొకటి అడుగుత. కొయ్యమని మా బాపుకు చెప్పిందెవరు?"

బయట ఎవరో ఆటోవాడితో బేరమాడుతున్నారు. ఆ బేరం తెగి ఆటో కదిలింది.

"నేను" అంది స్రవ్య.

"ఏమన్నవ్?" అన్నాడు వెంకటనారాయణ.

"నేనే నాన్నా." ఆల్బమ్ మూసేసింది. ఇక తల దాచుకునే చోటు లేదు. "నువ్వు కొయ్యమన్నవని కాకాకు అబద్ధం జెప్పిన. నానేసిననని నీకు అబద్ధం జెప్పిన. అతికిచ్చింది గూడ నేనే. కాకాకు ఏం తెల్వదు. భాగ్యకు ఏం తెల్వదు. ఇందాక నువ్వు కాకాను అన్నప్పుడు... నేను చెప్పాలె. చెప్పలే."

వెంకటనారాయణ వాసవాంబ కోసం జరిపిన కుర్చీలో తనే కూలబడ్డాడు. కాసేపటికి తాళంచెవి తీసుకుని మొగులయ్య వైపు చాచాడు.

"తీస్కో మొగులయ్యా. నేను తొందరవడ్డ."

మొగులయ్య తీసుకోలేదు. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

"మీరు అన్నందుకు నాకు గంత బాధ లేదు సేట్. మీకు తెల్వక అన్నరు."

మిగిలింది ఆయన చెప్పలేదు. స్రవ్య వైపు చూడనైనా చూడలేదు. ఇందాక చూశాడు కదా, అదే ఎక్కువనుకున్నాడేమో. గడప దిగి వానలోకి నడిచాడు. భాగ్యశ్రీ సంచిని అక్కడే వదిలి గొడుగు మాత్రం తీసుకుంది.

"డబ్బాలు నువ్వే పెట్టుకో" అంది. "గీ కార్డుల మీద నా రాత ఉన్నదంటేనే నాకు సిగ్గయితాంది."

సిగ్గుపడాల్సింది ఆమె కాదని చెప్పాలనుకుంది స్రవ్య. అప్పటికే భాగ్యశ్రీ పరుగున వెళ్ళి తండ్రి నెత్తి మీద గొడుగు పట్టింది. ఇద్దరూ చార్మినార్ వైపు పోయే బస్సుల వెనక కనుమరుగయ్యారు.

దుకాణంలో ముగ్గురు మిగిలారు. తండ్రి తిడతాడేమోనని స్రవ్య ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది. ఆయన ఆమె వైపు చూడకుండా, గోడకు చెప్తున్నట్టు చెప్పాడు.

"పైకి పో. ఆనాడు చెయ్యాల్సింది ఇప్పుడు చెయ్యి. అత్తమ్మ ముందట చెయ్యి."

"చదువుకునేటియి గద నాన్నా, పరీక్ష..." అనబోయి నాలిక కరుచుకుంది.

వాసవాంబ డబ్బాల సంచి తనే అందుకుంది. మెట్లెక్కుతూ, వెనకే వస్తున్న స్రవ్యతో, కోపంగా కాదు, అలసిపోయిన గొంతుతో అంది.

"కీర్తి వచ్చే యాళ్ళయింది. అది వచ్చేలోపట ఒక్కటి మిగలొద్దు. కార్డులేవని అడుగుతే వానకు తడిసినయని చెప్పు. అబద్ధాలు నీకు కొత్తగాదు గద."

డాబా మీద వాన తెరిపిచ్చింది. మల్లెచెట్టు పక్కన సిమెంటు తొట్టి నిండా నీళ్ళు. స్రవ్య మొదటి డబ్బా తెరిచి కార్డులను నీళ్ళలో వేసింది. కాసేపు తేలాయి. తర్వాత మైదా లై మెత్తబడి, ఒక్కొక్కటే నోరు తెరుచుకున్నాయి. భాగ్యశ్రీ జెల్ పెన్నుతో రాసిన కుతుబ్‌షాహీలూ, అధికరణాలూ, నదులూ నీలంగా కరిగిపోయాయి. లోపలి నుంచి వినాయకులు బయటికొచ్చారు, సగం తెగిన కీర్తులు బయటికొచ్చారు. బంగారు అక్షరాలు నీళ్ళలో మరింత మెరుస్తున్నాయి.

వాసవాంబ తొట్టి గట్టు మీద కూర్చుని మాటిమాటికీ కళ్ళు తుడుచుకుంటోంది. "మస్తు మోజుపడి ఏరుకున్నది ఆ డిజైను" అంది తనలో తనే. స్రవ్యకు ఆ మాట ఎక్కడో లోపల గుచ్చుకుంది. ఆ డిజైను ఏరుతున్నప్పుడు ఆల్బమ్ పట్టుకుని పక్కన నిలబడింది తనే. అట్ట బాగుందే అని అప్పుడే అనుకుంది కూడా.

రెండో డబ్బా కూడా అయింది. మూడోది తెరిచింది. బాగా వచ్చేసిన కార్డులు. వీటిలో చాలా వరకు కీర్తిప్రియ ఇంటికి తీసుకెళ్ళి, నేర్చుకుని, తెచ్చి వేసినవే. నీళ్ళలో వేసి నలిపింది. విడిపోలేదు. ఇంకాసేపు ఆగి చూసింది. సిరా కరిగింది గానీ అతుకు వీడలేదు. ఒకటి తీసి అంచు దగ్గర వేలితో తడిమింది. ఇది మైదా లై కాదు. ట్యూబులోంచి పిండే గమ్ము, అంచుల వెంట సన్నగా, జాగ్రత్తగా రాసి ఉంది.

తను ఏనాడూ గమ్ము వాడలేదు.

గోరు దూర్చి మెల్లగా లాగింది. కార్డు విచ్చుకుంది. లోపల ఒకవైపు, వినాయకుడి పక్కన ఖాళీ జాగాలో, నీళ్ళకు చెదరని బాల్ పెన్నుతో చిన్నచిన్న అక్షరాలు. కీర్తి రాత.

'ప్రశ్న: స్రవ్య ఎప్పుడు చెప్తది?'

ఎదురుగా ఉన్న రెండో వైపు, జవాబు ఉండాల్సిన చోట, ఏమీ రాసి లేదు.

స్రవ్య గబగబా ఇంకోటి తెరిచింది. అదే ప్రశ్న. ఇంకోటి. అదే. మరో దానిలో ప్రశ్న కింద ఇంకో ముక్క చేరింది. 'పరీక్షలోపు చెప్తదా?' కీర్తికి ఎప్పటి నుంచో తెలుసు. ఆమె ఇంట్లో ఒక్కొక్క కార్డే విచ్చుకుంటుంటే, ఒక్కొక్కదానిలో ఒకే ప్రశ్న రాసి, మళ్ళీ అతికించి, డబ్బాలో వేసి, రోజూ సాయంత్రం వచ్చి నవ్వుతూ ఎదురుగా కూర్చుంది. తన పెళ్లిని తన చేతుల్లో పట్టుకుని, ఈ పిల్ల నోరు తెరుస్తుందా అని ప్రతిరోజూ చూసింది. స్రవ్య తొట్టి గట్టు పట్టుకుంది.

"ఏందే దాంట్ల? ఎందుకు ఆగినవ్?" అంది వాసవాంబ.

అంతలో కింది నుంచి మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"స్రవ్యా! పైనున్నవా? కింద మామ మాట్లాడ్తనే లేడు, మిషన్ గూడ బంద్ ఉన్నది. ఏమైంది? కార్డులేవి?"

వాసవాంబ దిగ్గున లేచి, స్రవ్య మణికట్టు గట్టిగా పట్టుకుంది. "తడిసినయని చెప్పు" అంది గుసగుసగా. "నీకు దండం పెడ్త. పరీక్ష దాకనన్న అది మంచిగుండనియ్యి."

స్రవ్య చేతిలో విచ్చుకున్న కార్డు ఉంది. నీళ్ళు కారుతున్నాయి. దాన్ని మళ్ళీ తొట్టిలోకి జారవిడిస్తే చాలు.

కీర్తిప్రియ చివరి మెట్టు మీద ఆగింది. తల్లిని చూసింది. తొట్టిలో తేలుతున్న బంగారు రంగు పేర్లను చూసింది. ఆశ్చర్యపోలేదు. స్రవ్య చేతిలో ఉన్నదేమిటో గుర్తుపట్టింది. మెల్లగా దగ్గరికి వచ్చి, రోజూ కార్డు ఎత్తి చూపించేటప్పుడు అడిగే గొంతుతోనే అడిగింది.

"చెప్పు."